లాభం, రెండు, ఒక చిన్నది

అండమాన్‌లో ఐదింటికే చీకటి పడుతుందంటే అక్కడికి వెళ్లేదాకా నాకు నమ్మబుద్ధి కాలేదు. గడియారం మనదే. కాకినాడ దగ్గరగా పోయే రేఖాంశం లెక్కన దేశమంతా ఒకటే టైం. కానీ ఈ దీవులు దానికి పది డిగ్రీలు తూర్పున ఉన్నాయి, అందుకని సూర్యుడు ఇక్కడ నలభై నిమిషాలు ముందే లేచి ముందే వెళ్లిపోతాడు. డిసెంబరు మొదటి వారం. పోర్ట్‌బ్లెయిర్ డాలీగంజ్‌లో గది తీసుకుని, స్నానం చేసి కిందికి దిగేసరికి వీధి దీపాలు వెలిగి ఉన్నాయి. టైం చూస్తే ఐదుంబావు. మా ఆవిడ "అప్పుడే భోజనానికా?" అంది. నిజంగానే ఆకలి వేస్తోంది.

డాలీగంజ్ చూడ్డానికని ఎవరూ రారు. పారిశ్రామికవాడ, గోదాములు, వెల్డింగ్ వర్క్‌షాపులు, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ల కేంద్రం, గారచర్మ వైపు పోయే బస్సులు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌ పేరు శ్రీ విజయపురమైంది, మమ్మల్ని తీసుకొచ్చిన ఆటో అతను మాత్రం పాతపేరే వాడాడు. విమానాశ్రయానికి దగ్గర, అద్దె తక్కువ అని ఇక్కడ దిగాం. గది శుభ్రంగా ఉంది. పరుపు గట్టిది, నడుముకి మంచిదే. ఫ్యాను ఒకే వేగంతో తిరుగుతుంది. ఉక్కపోత రాత్రి పదింటిదాకా ఉండి తర్వాత సద్దుకుంటుంది. ఇంతకంటే ఆ గది గురించి చెప్పడానికేం లేదు. చెప్పాల్సిందంతా కింద ఉన్న భోజన హోటల్లో ఉంది.

కింద ఒక పక్క భోజనాలు, చెక్క తడికకి అవతల నాలుగు బల్లల చిన్న బారు. లామినేషన్ చేసిన కార్డు మీద బీర్లు, విస్కీలు, రమ్ములు వరసగా రాసి, అడుగున ఒక్క లైను: వైన్, గ్లాసు. నా చూపు అక్కడ ఆగిపోయింది. పదేళ్లుగా ఏ దేశం వెళ్లినా ఈ మాట కనిపించగానే నేనడిగే ప్రశ్న ఒకటే: గ్లాసంటే ఎంత?

ఈ ప్రశ్న నాకు లండన్‌లో పట్టుకుంది. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నాటకానికి టిక్కెట్లు తీసింది. మొదలవడానికి ముందు ఒకచోట కూర్చుని "ఒక గ్లాసు రెడ్ వైన్" అన్నాను. తెచ్చిచ్చారు, తాగాను. నాటకం రెండో అంకంలో నాకు నిద్ర ముంచుకొచ్చింది. ఎంతో ఇష్టపడి వెళ్లిన నాటకం, సగం నాకు గుర్తే లేదు. బయటికొచ్చాక మా అమ్మాయి బిల్లు చూసి "నాన్నా, నీకు 250 పోశారు" అంది. 250 మిల్లీలీటర్లంటే సీసాలో మూడో వంతు. 12 శాతం వైన్ అయితే అందులో స్వచ్ఛమైన ఆల్కహాలు 30 మిల్లీలీటర్లు, వాళ్ల లెక్కలో మూడు యూనిట్లు. వారం మొత్తానికి 14 యూనిట్లు దాటొద్దని అక్కడి వైద్యాధికారులు చెబుతారు. ఒక్క గ్లాసులో ఐదో వంతు కంటే ఎక్కువే అయిపోయింది.

ఆ దేశంలో దీనికి చట్టముంది. గ్లాసు వైన్ అమ్మాలంటే 125 గానీ, 175 గానీ, వాటి గుణిజాలు గానీ పోయాలి. 125 తప్పకుండా అందుబాటులో ఉంచాలి. ఎంత కావాలో మనం చెప్పకపోతే, ఈ చిన్న కొలత ఉందని వాళ్లే చెప్పాలి. నాకెవరూ చెప్పలేదు. నాకు బాధ కలిగింది డబ్బు గురించి కాదు. నా ఒంట్లోకి ఎంత పోతోందో నాకు తెలియకుండా ఇంకొకరు నిర్ణయించారు, అది నాకిప్పటికీ మింగుడుపడదు.

అప్పటినుంచీ అడగడం మొదలుపెట్టాను. ఎక్కడికక్కడ లెక్క వేరు. ఫ్రాన్సులో గ్లాసంటే మామూలుగా 12 సెంటీలీటర్ల పైచిలుకు. స్విట్జర్లాండులో డెసీల్లో, అంటే డెసీలీటర్లలో అడగాలి, ఒక డెసీ, రెండు డెసీలు అని. అమెరికాలో ఐదు ఔన్సులు, అంటే 148 మిల్లీలీటర్లు. జర్మనీలో గ్లాసు మీదే గీత, గీత పక్కన అంకె. ఆ గీతదాకా రాకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

నాకు బాగా నచ్చింది వియన్నా. ఊరి అంచున కొండవాలుల్లో ద్రాక్షతోటలు, తోటల పక్కనే రైతుల ఇళ్లు. 1784 ఆగస్టు 17న రెండో జోసెఫ్ చక్రవర్తి ఒక ఉత్తర్వు ఇచ్చాడు, ఎవరి ఇంట్లో చేసిన వైన్ వాళ్ల ఇంటిదగ్గరే అమ్ముకోవచ్చని. ఆ హక్కు మీదే ఇప్పటికీ ఆ లోగిళ్లు నడుస్తున్నాయి. కొత్త వైన్ ఉందని తెలపడానికి గుమ్మానికి పైన్ కొమ్మ కడతారు. మన ఊళ్లో శుభకార్యానికి మావిడాకులు కట్టినట్టే. అక్కడ "గ్లాసు" అని ఎవరూ అనరు. లీటరులో ఎనిమిదో వంతు కావాలా, నాలుగో వంతు కావాలా అంటారు. అరపావు, పావు అని మనం అనుకునే పద్ధతే. నాకు పోసిన పెద్దావిడ గాజు మగ్గులోకి వంచి, గీత దగ్గర మణికట్టు ఒక్కసారి తిప్పి ఆపింది. ఒక్క చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు.

మనకి ఈ అలవాటు లేదనుకోవడం తప్పు. మన దగ్గర కొలతకి పేర్లు ఎన్ని! నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మా అమ్మమ్మ వంటింట్లో ఇవన్నీ ఇత్తడివి వరసగా ఉండేవి. పాలవాడు గిద్ద నిండా పోశాక కొసరు పోయకపోతే ఆవిడ గిన్నె తీసేది కాదు. టీ కొట్టు దగ్గర ఇద్దరు నిలబడి "వన్ బై టూ" అంటే కొట్టువాడికి ఎంత పోయాలో తెలుసు. మద్యం దగ్గరికొచ్చినా చిన్న పెగ్గు 30, పెద్ద పెగ్గు 60, క్వార్టరు 180, ఆఫ్ 375, ఫుల్లు 750 అని నోటికొచ్చు. ఒక్క వైన్ దగ్గరే మనకి కొలత లేదు. వైన్ మన ఊళ్లోకి బోర్డుగా వచ్చింది గానీ తాగేదిగా రాలేదు. ఏ సెంటరులో చూసినా "వైన్స్" అని బోర్డు, లోపల విస్కీ, బ్రాందీ, బీరు. ద్రాక్షతో చేసిన సీసా అడిగితే ఏ మూలనో వెతికి, దుమ్ము తుడిచి ఇస్తారు.

అందుకని డాలీగంజ్‌లో ఆ లైను చూడగానే నాకు ఆసక్తి పుట్టింది. కౌంటరు వెనక ఒక పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల బనీను మీద చొక్కా బొత్తాలు పెట్టుకోలేదు, ముక్కు మీద కళ్లజోడు. నేను హిందీలో మొదలుపెట్టాను. ఈ ఊళ్లో బెంగాలీ, తమిళ, మలయాళీ, రాంచీ, నికోబారీ ఎవరికైనా కలిసే భాష హిందీయే కదా. మా ఆవిడ పక్కనుంచి "ముందు ఎంతో అడగండి, లండన్లో అయినట్టు కాకుండా" అంది. ఆయన కళ్లజోడు పైకి జరుపుకున్నాడు.

"తెలుగోల్లేటి?" అన్నాడు.

"అవును బాబాయ్. విశాఖపట్నం."

"మాది సోంపేట దగ్గిర. కూకోండమ్మా."

ఆశ్చర్యపోవాల్సిందేం లేదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్ రేవులో నిలబడితే వలలు సర్దే చేతుల మధ్య శ్రీకాకుళం యాసే వినబడుతుంది. అయినా ఇల్లు విడిచి సముద్రం దాటాక ఆ "ఏటి" వినబడితే మనసుకి చల్లగా ఉంటుంది.

"బాబాయ్, గ్లాసంటే ఎంత?" అని అడిగాను.

"నూటేబై బాబూ," అన్నాడు. అక్కడితో ఆగలేదు. సొరుగులోంచి పెగ్గు కొలిచే స్టీలు గిన్నె తీశాడు. నడుము దగ్గర సన్నంగా, రెండువైపులా గిన్నెలుగా ఉంటుందే, అది. డమరుకంలా ఉంటుంది. ఒకవైపు 60, రెండోవైపు 30. దాన్ని దీపం కిందికి తెచ్చి, అంచు పక్కన కొట్టిన ముద్ర నాకు చూపించాడు. "కొలతలోల్లు ఏసిన ముద్ర ఇది. ఇది పెద్దది రెండు, సిన్నది ఒకటి. నూటేబై. సీసాకి అయిదు గలాసులు."

నేను సరే అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "కానీ బాబూ, ఒక మాట. ఇక్కడ వైన్ ఎవులూ తాగరు. ఎప్పుడో దొరలొస్తే అడుగుతారని రాయించినాను. సీసా తెరిస్తే మీరొక గలాసు తాగుతారు, మిగతా నాలుగూ ఏటి సేసీది?"

ఆ ప్రశ్నలో ఈ వ్యాపారం గుట్టంతా ఉంది. వైన్ విస్కీలా నిలవ ఉండదు. బిరడా తీసిన క్షణం నుంచి గాలి తగిలి మారడం మొదలవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తుంది, తర్వాత పులిసి వెనిగరు దారి పడుతుంది. ప్రపంచంలో ఎక్కడైనా గ్లాసు లెక్కన అమ్మే వైన్ ఖరీదు ఎక్కువగా ఉండేది అందుకే. తాగిన గ్లాసులో పారబోసే గ్లాసు ఖరీదు కూడా కలిసి ఉంటుంది. విమానాల్లో 187 మిల్లీలీటర్ల బుల్లి సీసాలు వచ్చింది కూడా ఈ ఇబ్బంది వల్లే, సీసాలో సరిగ్గా పావు. ఇక ఈ దీవుల్లో అయితే ఉల్లిపాయైనా ఓడలోనే రావాలి, వైన్ సీసా అయినా ఓడలోనే రావాలి. నాసిక్ తోటల్లో పుట్టి, లారీల్లో, ఓడ అడుగున వేడికి ఓర్చుకుని ఇక్కడిదాకా వచ్చిన సీసాని నాలుగు వంతులు పారబొయ్యడం పాపమే.

"మూడు రాత్రులుంటాం బాబాయ్. సీసా మేమే పూర్తిచేస్తాం," అన్నాను.

"అలగైతే సరే." తెల్ల సీసా, ఎర్ర సీసా రెండూ చూపించాడు. చేపతో కాబట్టి తెల్లది అన్నాను. బిరడా తీసి, సీసా మెడకి తారీఖు రాసిన కాగితం ముక్క అంటించాడు. మా ఆవిడ "ఇవాళ నాకంత వద్దు, ఒకటే ఇద్దరికీ" అంది.

"వన్ బై టూ," అన్నాడాయన నవ్వుతూ.

రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టాడు. కాడలున్న గ్లాసులు కావు, నీళ్ల గ్లాసులే. పెద్ద గిన్నె అంచుదాకా నింపి మొదటి గ్లాసులో వంచుతూ నోట్లో నెమ్మదిగా అన్నాడు: "లాభం."

నేను కదలకుండా నిలబడిపోయాను.

రెండో గ్లాసులోకి వంచుతూ "రెండు" అన్నాడు. తర్వాత గిన్నె తిప్పి చిన్నవైపు నింపాడు. సగం ఒకదాంట్లో, సగం రెండోదాంట్లో. సగానికి గీత లేదు కదా, వంగి గడ్డం కౌంటరు మీద ఆనించి, రెండు గ్లాసుల్లోనూ మట్టం ఒకే ఎత్తున ఉందో లేదో ఒక కన్ను మూసి చూశాడు. కుడివైపు ఒక వెంట్రుకవాసి తక్కువ. గిన్నె చివర మిగిలిన రెండు చుక్కలు అందులో దులిపాడు.

కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మనవాళ్లు "ఒకటి" అనరు. మొదటి కుంచం "లాభం", తర్వాత "రెండు", "మూడు". కొన్ని ఊళ్లలో ఏడు దగ్గరికొస్తే ఆ మాటలో ఏడుపుందని "ఆరున్నొకటి" అంటారు. చిన్నప్పుడు మా తాతగారి కళ్లంలో సాయంత్రం పూట ఆ గొంతు సాగదీస్తూ లెక్కపెట్టడం విన్నాను. నలభై ఏళ్ల తర్వాత, బంగాళాఖాతం మధ్యలో, వెల్డింగ్ షాపుల వీధిలో, ద్రాక్షసారా మీద ఆ మాట వింటానని ఎప్పుడూ అనుకోలేదు.

"మా అయ్య కొలగాడు బాబూ," అన్నాడు, నేను అడగకుండానే. "సుట్టుపక్కల నాలుగూళ్ల ధాన్నెం ఆయన సేతిమీదే కొలిసీవోరు. రైతుకీ షావుకారుకీ మద్దెన నిలబడీవోడు. ఆయన కుంచం ఎత్తితే మారుమాట నేదు."

తరువాతి రోజు హేవ్‌లాక్ వెళ్లొచ్చాం. దాన్నిప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. పడవలో మా ఆవిడకి కడుపులో తిప్పింది, నీళ్లు నీలంగా ఉన్నాయి, ఇసక తెల్లగా ఉంది, తిరిగొచ్చాం. ఆ రాత్రి కోనెం చేప పులుసు. చింతపండు చిక్కగా, వంకాయ ముక్కలు వేసి, పైన కొత్తిమీర. వైన్ ఆ పులుసుకి తట్టుకోలేకపోయింది. పులుపు మీద పులుపు, రెండూ పోట్లాడుకున్నాయి. వేపుడు ముక్కలతో మాత్రం బాగా కుదిరింది. కారం ఎక్కువున్న కూరలతో ఎర్ర వైన్ తాగితే నాలుక మీద మంట ఇంకా పెరుగుతుంది, మన భోజనానికి కాస్త తీపి ఉన్న చల్లని తెల్లదే నయం అని నా అభిప్రాయం. పులుసు తినేటప్పుడు మజ్జిగ తాగండి, అది ఇంకా నయం.

ఆ రాత్రి మేమిద్దరం చెరొక గ్లాసు తీసుకున్నాం. లాభం, రెండు, ఒక చిన్నది. మళ్లీ లాభం, రెండు, ఒక చిన్నది. ఆయన మనవరాలు అక్కడే బల్ల మీద హోంవర్కు చేసుకుంటోంది. తెలుగు మాట్లాడుతుంది, హిందీ యాసతో. "తాతా, హర్ బార్ లాభం ఎందుకు?" అంది. "మొదట అనుకుంటే అదే అవుద్ది," అన్నాడు.

నేను ఆయనకి గ్లాసుల సంగతి చెప్పాను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు 1700 నుంచి ఇటు ఇంగ్లండులో వాడిన 411 వైన్ గ్లాసుల్ని కొలిచి 2017లో ఫలితం ప్రకటించారు. 1700ల నాటి గ్లాసులో సగటున 66 మిల్లీలీటర్లు పట్టేవి. 2016-17 నాటి గ్లాసులో 449 పడుతున్నాయి. ఏడు రెట్లు. గ్లాసు పెద్దదవడానికి మంచి కారణం కూడా ఉంది, మూడో వంతే పోసి తిప్పితే వాసన పైన నిలుస్తుంది. కానీ పెద్ద గ్లాసులో 150 పోస్తే కంటికి కొంచెంగానే కనబడుతుంది, పోసేవాడి చెయ్యి కూడా ఆగదు.

ఆయన సావధానంగా విని, "అరవయ్యారా? అంటే పెద్ద గిన్నెడు," అన్నాడు. "మా పక్కన టెక్కలి మిషన్ సర్చీలో ప్రభు బోజనం ఇచ్చీవోరు. సిన్న సిన్న గిన్నిలు, నా బొటనేలంత. నాను సిన్నప్పుడు మా స్నేయితుడితో ఎల్లి సూసీవోణ్ణి. ద్రాక్షారసం అంటే అంతే అనుకున్నాను సానా కాలం."

"మీరు తాగుతారా బాబాయ్?" అంది మా ఆవిడ.

"నేదమ్మా. ముట్టను." కాసేపు గుడ్డతో కౌంటరు తుడిచాడు. "మా అయ్య తాగీవోడు. సారా. ఊరందరి ధాన్నెం కొలిసినోడికి తన గొంతు కొలత తెలవలేదు. మా యమ్మ సానా పడింది."

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక జిల్లాలు దాటి పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. ఆయన అప్పటికే ఓడెక్కి వచ్చేసి చాలా ఏళ్లైంది. వాళ్లమ్మ ఎవరిచేతో ఉత్తరం రాయించిందట, "ఇప్పుడు ఆగింది, మీ అయ్య ఉంటే బాగుణ్ణు" అని. ఆ కొలగాడి కొడుకు మద్యం అమ్మే పనిలోకి ఎందుకు వచ్చాడని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. మొదట బియ్యం గోదాములో తూకం దగ్గర పని, తర్వాత ఈ హోటల్లో లెక్కలు, తర్వాత ఈ కౌంటరు. "మూడో పెగ్గు కాడ నాను అడుగుతాను, ఇల్లెక్కడ, ఎలగెల్తావు అని. కొందరికి కోపమొస్తాది. వస్తే రానీ."

మర్నాడు పొద్దున్న రాస్ ద్వీపం చూశాం, మధ్యాహ్నం సెల్యులార్ జైలు. రాస్‌లో దొరల క్లబ్బు, చర్చి, బేకరీ అన్నీ చెట్ల వేళ్లు చుట్టుకుని గోడలుగా మిగిలాయి. తాగేనీళ్లు శుద్ధిచేసే యంత్రం పెట్టుకున్నారు, నాట్యశాల కట్టుకున్నారు. ఎదురుగా ఇటు ఒడ్డున జైలు. అక్కడ నూనె గానుగ బొమ్మ ముందు మేము చాలాసేపు ఉన్నాం. ఎద్దుకి బదులు మనిషిని కట్టి తిప్పించారు. రోజుకి 30 పౌండ్ల కొబ్బరినూనె, అంటే పదమూడు కిలోల పైన. సాయంత్రం కొలిచేవారు. తగ్గితే బేడీలు, కొరడా దెబ్బలు. మన కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి లాంటివాళ్లు రోజులు లెక్కపెట్టుకున్న గోడలివి.

అక్కడ కొలత తప్పేమీ లేదు. పౌండు పౌండే. ఖచ్చితంగానే కొలిచి ఉంటారు. కానీ ఆ కొలపాత్ర కొట్టేవాడి చేతిలో ఉంది, పడేవాడికి అందులో మాట లేదు. ఆ రాత్రి డాలీగంజ్‌కి తిరిగొస్తూ బస్సులో నాకు ముందు రెండు రాత్రులూ గుర్తొచ్చాయి. దీపం కిందికి తెచ్చి ముద్ర చూపించిన చెయ్యి, కౌంటరు మీద ఆన్చిన గడ్డం. కొలిచేది అవతలివాడి కళ్లముందు కొలవాలి, ఎంతో నోటితో చెప్పాలి. లండన్‌లో నాకు దొరకని మర్యాద ఇదే. దేశం కాని దేశంలో భాష రానివాడికి ఇది ఇంకా ఎక్కువ అవసరం. గ్లాసంటే ఎంత అని అడగడానికి ఎవరూ మొహమాటపడొద్దు. అడిగితే చిన్నబుచ్చుకునే చోట తాగకపోయినా ఫర్వాలేదు.

మూడో రాత్రి మాకు మాటలు తక్కువగా ఉన్నాయి. జైలు ఇంకా మనసులో ఉంది. ఆయనకీ అర్థమైంది, ఏమీ అడగలేదు. సీసాలో చివరి రెండు గ్లాసులు. మా ఆవిడ గ్లాసులోకి లాభం, రెండు, ఒక చిన్నది. నా గ్లాసులోకి లాభం. రెండు. సీసా తలకిందులు చేసి చిన్నవైపు పట్టాడు. చుక్కలు పడటం ఆగిపోయినా గిన్నె నిండలేదు. మూడు రోజులుగా సీసా గోడలకి, గిన్నె అంచులకి అంటిందంతా అక్కడ తేలింది.

గిన్నె దీపానికెదురుగా ఎత్తి పట్టుకున్నాడు.

"పది తక్కువొచ్చింది బాబూ."

"పది మిల్లీలీటర్లే కదా బాబాయ్, పోసెయ్యండి."

"పదైతే పదే. తక్కువ తక్కువే." పోశాడు. చిల్లర సొరుగు తీసి, లెక్క కట్టడానికి కాగితం తీసుకుని, మళ్లీ పక్కన పెట్టేసి వంటింట్లోకి వెళ్లాడు. నిమిషం తర్వాత చిన్న పళ్లెంలో రెండు కోనెం వేపుడు ముక్కలు, పక్కన నిమ్మకాయ చెక్క తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఏంటి బాబాయ్ ఇది?"

"తక్కువకి ఒక ముక్క," అన్నాడు, గిన్నె కడుగుతూ. "రెండోది కొసరు."